గంపక్క ఎడమచెయ్యి

గంపక్కది ఎడమచేతి వాటమని పన్నెండో ఎపిసోడ్ దాకా నాకు తెలియదు. ఆమెను పుట్టించింది నేనే. గీసింది నేనే. ఆమె చేత పోట్లాడించింది, నవ్వించింది నేనే. అయినా తెలియదు. ఈ సంగతి రాద్దామని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అందుకని నాకు ఎక్కువ అయోమయంగా ఉన్న చోటే మొదలుపెట్టాను. నేను చదివింది ఐదో తరగతి. మాటలు అటూఇటూ అయితే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

మాది పెడన. కలంకారీ బట్టల మీద వేసే చెక్క అచ్చులు చెక్కుతాను. పదకొండో ఏట ఉలి పట్టుకున్నాను, ఇంకా వదల్లేదు. మా ఆవిడ ఆ అచ్చులే రంగులో ముంచి బట్ట మీద వేస్తుంది. ఇద్దరం ఒకే షెడ్డులో పని చేస్తాం. నేను కిటికీ దగ్గర, ఆవిడ పొడుగు బల్ల దగ్గర. ఈమధ్య కొత్త అచ్చులు చెక్కించేవాళ్ళు తగ్గారు. పాత అచ్చులతోనే పని నడిపిస్తున్నారు. దాంతో మధ్యాహ్నాలు నా చేతులు ఖాళీగా ఉండేవి. చేతులు ఖాళీగా ఉంటే నాకు తలనొప్పి వస్తుంది. అలా ఫోన్‌లో వేలితో బొమ్మలు గీయడం మొదలైంది.

ముందు చిలకలు, పువ్వులు గీశాను. తర్వాత ఒకరోజు ఫోన్‌లో వెబ్‌కామిక్ ఒకటి చూశాను. గడి తర్వాత గడి, కిందికి జరుపుకుంటూ పోతే కథ నడుస్తోంది. మనిషి తల పక్కన బుడగ, బుడగలో మాట. ఇదేదో మన పనిలాగే ఉందే అనిపించింది. బట్ట మీద అచ్చు పక్కన అచ్చు వేసుకుంటూ పోతే ఊరేగింపు తయారవుతుంది కదా, అలాగ. మా ఆవిడతో అన్నాను.

"నువ్వు గియ్యి, మాటలు నేను రాస్తా" అంది. "నువ్వు రాస్తే ఎవరికీ అర్థంకాదు."

ఆవిడ పదో తరగతి పాసయింది. ఆ మాట రోజుకోసారైనా గుర్తుచేస్తుంది. అక్షరాల పని మొత్తం ఆవిడదే. ఇప్పుడు ఆలోచిస్తే అసలు చిక్కు అక్కడే మొదలైందేమో. అక్షరాలు కూడా నేనే రాసుంటే అవి కూడా తిరగబడేవి. మొదటి రోజే దొరికిపోయేవాణ్ణి.

తిరగబడటం అంటే ఏమిటో చెప్పాలి. చెక్క మీద చిలక కుడివైపు చూస్తుంటే, బట్ట మీద అది ఎడమవైపు చూస్తుంది. అచ్చు అంటేనే అంత. అందుకని అచ్చు చెక్కేవాడు ఏదైనా తిరగేసి గీయాలి. చాలామంది కాగితం మీద మామూలుగా గీసుకుని, ఆ కాగితాన్ని చెక్క మీద బోర్లించి దించుకుంటారు. మా గురువుగారు అలా చెయ్యనిచ్చేవారు కాదు. నేరుగా చెక్క మీదే తిరగేసి గీయమనేవారు. కుండ కుడిచేతిలో ఉన్న ఆడమనిషిని చూపించి, దాన్ని ఎడమచేతికి మార్చి గీయమనేవారు. తప్పు గీస్తే ఉలి పిడితో వేళ్ళ మీద ఒకటి పడేది. రెండేళ్ళకు దెబ్బలు ఆగిపోయాయి. ఆ తర్వాత నేను ఆలోచించి తిప్పడం మానేశాను. మనిషిని చూస్తాను, చెయ్యి దానంతటదే తిప్పి గీస్తుంది. చెక్క మీద ఎడమచెయ్యి కనిపిస్తే నా కంటికి అది కుడిచెయ్యే.

ఆ బొమ్మల కథలోని గంపక్కను నేను ఊహించి గీయలేదు. మా వీధికి రోజూ బందరు నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఉంది. గిలకలదిండి హార్బర్‌లో తెల్లారేసరికి చేపలు ఎత్తుకుని, ఆటోలో పెడన వచ్చి, మా వీధి చివర దిగుతుంది. చీర మీద వాళ్ళాయన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నీలం గళ్ళది, మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉంటుంది. తల మీద గుడ్డ చుట్ట, దాని మీద అల్యూమినియం గంప. అందరూ అక్కా అంటారు. నేనూ అక్కా అంటాను. నన్ను తమ్ముడూ అంటుంది. మా ఆవిడను మరదలు పిల్లా అంటుంది.

ఫోన్‌లో పెట్టిన మొదటి మూడు ఎపిసోడ్లలో గంపక్క మొహం అన్ని గడుల్లో ఒకేలా ఉంది. బేరం ఆడినా అదే మొహం, కుక్క చేప ఎత్తుకుపోయినా అదే మొహం. కింద ఎవరో కామెంట్ పెట్టారు, ఈవిడకి కోపం రాదా అని. నాకు బాధేసింది. వందో అచ్చు మొదటి అచ్చులా పడితేనే పనోడు అంటారు మా దగ్గర. వెంట్రుక వాసి తేడా రాకుండా గీసినందుకు మెచ్చుకుంటారనుకున్నాను.

"అచ్చేసినట్టుంది" అంది మా ఆవిడ.

"బాగుందనా?"

"కాదు."

అప్పుడు అక్కను అడిగాను. రోజూ కాసేపు నీ మొహం చూస్తాను, ఏమనుకోవద్దు, కథ కోసం అని. పరాయి ఆడమనిషిని మొహం చూస్తానని అడగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఆవిడను పక్కనే నిలబెట్టుకుని అడిగాను.

అక్క మా ఆవిడ వైపు చూసింది. "ఏం మరదలు పిల్లా, మీ ఆయనకి నీ మొహం చాల్లేదా?"

"నా మొహం గీస్తే ఎవరూ చూడట్లేదక్కా."

అక్క పగలబడి నవ్వింది. "సరే గీసుకో తమ్ముడూ. లావుగా గీశావంటే మాత్రం గంప తెచ్చి నీ నెత్తిన బోర్లిస్తా. మాగలు, నెత్తళ్ళు, చేపలన్నీ."

అలా రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు చూసేవాణ్ణి. బేరం నచ్చకపోతే ముందు ముక్కు ఎగబీలుస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. నవ్వొస్తే నోటికి చొక్కా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఎవరైనా చేప మెత్తగా ఉందని వంక పెడితే కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి, ఒక్కసారి కళ్ళు తెరిచి "మరి మీది గట్టిగా ఉందా అండీ, మనసు?" అంటుంది. ఇవన్నీ గంపక్కకు వచ్చాయి. మొహం మారింది. చూసేవాళ్ళు పెరిగారు. ఇది గీసింది నేనేనా అనిపించేది. నేను ఒక మాట అనిపించాలనుకుంటే గంపక్క ఇంకోటి అనేది. నేను ఏడిపించాలనుకున్న చోట ఆవిడ ముక్కు ఎగబీల్చేది.

ఐదో ఎపిసోడ్ అయ్యాక అక్కకు చూపించాను. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఓలమ్మో, అచ్చం నేనే! ఇదిగో, ఈ పుట్టుమచ్చ కూడా ఎక్కడుండాలో అక్కడే పెట్టాడు."

మా ఆవిడ పక్క నుంచి చూస్తోంది. "ఏమో అక్కా, నాకెందుకో ఏదో తేడాగా ఉంటది. నువ్వే గానీ నువ్వు కాదు."

"నీకేం తెలుసు, నా మొహం నాకు తెలీదా?"

ఇంకో రోజు మా ఆవిడే, ఒక గడి చూసి, మామ్మగారి గేటు ఇటుపక్క కదా, అటు గీశావేంటి అంది. కథలో గేటు ఎటుంటే ఏంటి అన్నాను. ఆవిడా వదిలేసింది. ఇద్దరం ఎంత తెలివైనవాళ్ళమో చూడండి.

ఆ మామ్మగారి గురించి చెప్పాలి. మా వీధి మొదటి ఇల్లు ఆవిడది. అక్క ఆటో దిగగానే ముందు ఆ గేటు దగ్గరే గంప దించుతుంది. రోజూ తొలి బోణీ మామ్మగారిదే. ఆవిడ ఒక పోగు కొని తీరుతుంది, ఇంట్లో ఆ పూట చేపలు వండినా వండకపోయినా. తన చెయ్యి మంచిదని మామ్మగారి నమ్మకం. ఆ చేత్తో బోణీ అయితే పదింటికల్లా గంప ఖాళీ అవుతుందని అక్క నమ్మకం. అక్క కుడిచేత్తో చేపలు గిన్నెలో వేస్తుంది, మామ్మగారు కుడిచేత్తో డబ్బిస్తుంది, అక్క కళ్ళకద్దుకుని గంపకు తాకిస్తుంది. ఈ వీధిలో మిగతా వాళ్ళు బయటికి వచ్చేది ఆ బోణీ చూశాకే. మామ్మగారు కొన్నారంటే సరుకు మంచిదని లెక్క.

పన్నెండో ఎపిసోడ్‌కు నేను ఈ బోణీయే గీశాను. గంపక్క, గేటు దగ్గర ఒక పెద్దావిడ, గిన్నె. పెద్దావిడ చేపల్ని తిట్టి తిట్టి చివరికి రెండు పోగులు తీసుకుంటుంది. అంతే కథ. చాలామందికి నచ్చింది.

రెండు రోజుల తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను చదవడం కన్నా వినడం నయం కాబట్టి వాయిస్ అయితే సంతోషిస్తాను. ఆడగొంతు. వెనకాల కోళ్ళు అరుస్తున్నాయి.

"అన్నయ్యగారూ, నమస్తే అండి. మాది దివిసీమండి, నాగాయలంక అవతల. మీ గంపక్కని మా ఆడపడుచు చూపించిందండి. ఆవిడ ఎడంచేత్తో బోణీ చేపలు ఇచ్చింది చూశారూ, అది చూసి ముందు నవ్వొచ్చిందండి, తర్వాత ఏడుపొచ్చింది. నాదీ ఎడంచెయ్యేనండి. చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు మా నాయనమ్మ నా చేతికి గుడ్డ చుట్టి కట్టేసేదండి. అత్తారింట్లో ఇప్పటికీ నన్ను వడ్డించనివ్వరండి. కూర నేను వండాలి, గరిటె మాత్రం మా తోడికోడలు పట్టుకోవాలి. నిన్న మీ బొమ్మ మా అత్తగారికి చూపించానండి. చూడండత్తయ్యా, ఈవిడ దగ్గర జనం కొనట్లేదా, బోణీ చెయ్యట్లేదా అన్నానండి. ఈ పూట గరిటె నా చేతిలోనే ఉందండి. అంతేనండి. ఉంటానండి."

రెండుసార్లు విన్నాను. ఎడంచెయ్యేంటి? ఎవరిది ఎడంచెయ్యి? ఇంకెవరి కథో చూసి నాకు పంపిందేమో అనుకున్నాను. గంపక్కను తీసి చూశాను. నాకు కుడిచెయ్యే కనిపిస్తోంది. మా ఆవిడను పిలిచాను. బల్ల దగ్గర నుంచి రంగు చేతులతోనే వచ్చి చూసింది. చూసి, వెళ్ళి, నేను పాతికేళ్ళ కింద చెక్కిన నీళ్ళబిందె ఆడమనిషి అచ్చు తెచ్చింది. దాన్ని ఫోన్ పక్కన పెట్టింది. చెక్క మీద బిందె ఎడమ చంకలో ఉంది. ఫోన్‌లో గంపక్క చేప ఎడమచేతిలో ఉంది.

"ఇది బట్ట మీద వేస్తే తిరుగుద్ది" అంది. "ఫోన్‌ని దేనిమీద వేస్తావు?"

అప్పుడు కనిపించింది. ఒకసారి కనిపించాక ఇంక అన్నీ కనిపించాయి. గేటు అటు. పుట్టుమచ్చ అటు. ముక్కుపుడక అటు. చొక్కా జేబు అటు. పన్నెండు ఎపిసోడ్లు, ప్రతి గడీ తిరగబడే ఉంది. నేను ఫోన్‌లో బొమ్మలు గీయలేదు, అచ్చులు చెక్కాను.

ముందు సిగ్గేసింది. తర్వాత ఆ దివిసీమ ఆవిడ మాట గుర్తొచ్చి, పోనీలే, ఎవరికి నష్టం అనుకున్నాను. గంపక్క బతికున్న మనిషి కాదు. ఎడమచేతి వాటం అయితే ఏంటి? పైగా ఆమెలో అది నేను పెట్టింది కాదు, ఆమే తెచ్చుకున్నట్టుంది. అలా అనుకుంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం నాలుగు రోజులు ఉంది.

ఐదో రోజు పొద్దున అక్క నిండు గంపతో మా గుమ్మం దగ్గరికి వచ్చింది. బోణీ కాలేదు. మామ్మగారు గేటు తియ్యలేదంట. లోపలి నుంచే అన్నారంట, ఇంక నువ్వు బోణీ వేరే చోట చేసుకోమ్మా అని. సంగతేంటంటే గుడివాడలో ఉన్న వాళ్ళ అల్లుడికి ఎవరో ఆ బోణీ ఎపిసోడ్ పంపారు. ఆయన అక్క మొహం గుర్తుపట్టి, ఫోన్ చేసి, అత్తయ్యా, నీకు ఆవిడ ఎడంచేత్తో చేపలు పడేస్తదా, నువ్వు తీసుకుంటావా అని నవ్వారంట.

"నేనెప్పుడు ఎడంచేత్తో ఇచ్చాను తమ్ముడూ?" అంది అక్క. కోపంగా లేదు. నిజంగానే అడుగుతోంది. "రోజూ చూస్తన్నావు కదా. ఇచ్చానా ఎప్పుడైనా? నాకు తెలీకుండా?"

"లేదక్కా. తప్పు నాది."

"మరి అట్టా ఎందుకు గీశావు?"

చెప్పడానికి ప్రయత్నించాను. చెక్క, బట్ట, తిరగడం. అక్క విని విని, "నీ అలవాటు నా బోణీ మీదకొచ్చిందా" అంది. ఆ రోజు మా వీధిలో ఎవరూ బయటికి రాలేదు. మా ఆవిడ ఒక్కతే కొన్నది. తర్వాతి రెండు రోజులూ అంతే. మూడో రోజు అక్క గంపలో సగం చేపలతోనే గూడూరు ఆటో ఎక్కింది. ఆ వేళకు అక్కడ ఎవరు కొంటారు, చేప మెత్తబడిపోయాక?

నేను మామ్మగారి ఇంటికి వెళ్ళాను. చేతిలో చిలక అచ్చు, రంగులో ముంచిన గుడ్డ, తెల్లగుడ్డ ముక్క. గేటు దగ్గరే నిలబడి అచ్చు వేసి చూపించాను. చెక్క మీద చిలక ఇటు, గుడ్డ మీద చిలక అటు.

మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని రెండూ చూశారు. "అయితే నువ్వు చూసింది గీయలేదన్నమాట."

"చూసిందే గీశానండి. తిరగేసి."

"తిరగేస్తే చూసింది ఎలా అవుద్ది అబ్బాయ్?"

ఆవిడే మళ్ళీ అన్నారు, ఈసారి గొంతు తగ్గించి. "నాకు కంటి ఆపరేషన్ అయ్యింది తెలుసుగా. అది కాకముందు అంతా మసకే. అప్పుడు ఏ చేత్తో ఇచ్చిందో నాకెట్టా తెలుస్తది? నువ్వు రోజూ కూర్చుని చూసి గీస్తావంట. నువ్వు గీశావంటే నిజమేనేమో, ఇన్నాళ్ళు నేనే చూసుకోలేదేమో అనిపించింది."

"లేదండి మామ్మగారూ. అక్కది కుడిచెయ్యే."

"నాకు చెప్తే సరిపోద్దా? మా అల్లుడు నవ్వాడు, వాళ్ళ వీధంతా నవ్వింది. ఫోన్‌లో మార్చు. వాడు చూసి నాకు చెప్పాలి. అప్పుడు గేటు తీస్తా."

మార్చడం చిన్న పని. ఒక్క నొక్కు నొక్కితే బొమ్మ అటుది ఇటు అవుతుంది. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మధ్యాహ్నం ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దివిసీమ ఆవిడకు ఏం చెప్పాలి? గరిటె ఇచ్చెయ్యమ్మా, పొరపాటైంది అని చెప్పాలా? గంపక్క కుడిచేతిది అయిపోతే ఆ అత్తగారు బొమ్మ చూపించి ఏమంటుంది? మార్చకపోతే అక్క ఈ వీధిలో ఎలా నిలబడుతుంది? ఒకసారి అక్క కోసం కుడికి మార్చాలనిపిస్తుంది, ఒకసారి గంపక్కను ఎడమగానే ఉంచాలనిపిస్తుంది. ఇద్దరికీ ఒకే మొహం పెట్టింది నేను.

"మొహం మార్చెయ్" అంది మా ఆవిడ. "గంపక్కకి వేరే మొహం పెట్టు. చెయ్యి ఉంచుకో."

గీసి చూశాను. మూడు మొహాలు గీశాను. ఒక్కటీ మాట్లాడలేదు. ముక్కు వేరైతే ఎగబీల్చడం రాదు. ఊరికే గంప మోసే ఆడమనిషి అయిపోయింది.

చివరికి తిప్పేశాను. నొక్కగానే గంపక్క కుడిచేతిలోకి చేప వచ్చింది. బుడగల్లో అక్షరాలు మాత్రం తిరగబడ్డాయి. మా ఆవిడ రెండు మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ చెరిపి మళ్ళీ రాసింది, నన్ను తిట్టుకుంటూ. తిప్పిన బొమ్మ చూసి, "ఇదీ అక్క. ఇదీ. ఇన్నాళ్ళూ నాకు తేడా కొట్టింది ఇదే" అంది.

ఫోన్‌లో పెట్టే ముందు అక్కకు చూపించడం న్యాయం అనిపించింది. పొద్దున అక్క రాగానే చేతికిచ్చాను. అక్క చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"ఇదెవరు?"

"నువ్వే అక్కా."

"నేనా? మూతి వంకరగా ఉంది. కళ్ళేంటి, ఒకటి పైకీ ఒకటి కిందకీ? ఇది నేను కాదు తమ్ముడూ. పాతదే నేను."

నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. ఒక్క గీత కూడా మారలేదు, పక్క మారింది అంతే. మా ఆవిడ వెంటనే అక్క ఫొటో ఒకటి తీసి చూపించింది. "ఇది చూడక్కా, ఇదెవరు?"

"ఫొటోల్లో నేనెప్పుడూ ఇట్టాగే వంకరగా పడతాను. అద్దంలో బాగుంటాను."

అద్దం అనగానే పాత బొమ్మ మళ్ళీ తీసి చూశాను. అక్కకు తన మొహం అద్దంలోనే తెలుసు. నేను తిరగేసి గీసింది అద్దంలో అక్కను. లోకం చూసే అక్కను కాదు, అక్క ఒక్కతే చూసుకునే అక్కను. మా వీధికి తేడాగా ఉన్న బొమ్మ అక్కకు సరిగ్గా ఉంది. వీధికి సరిగ్గా ఉన్న బొమ్మలో అక్క లేదు. ఇది అక్కకు చెప్పాను. చెప్పింది నాకే సరిగా అర్థం కాలేదు. అక్క మాత్రం అర్థమైనట్టే తలూపింది.

"అయితే ఈ వంకరదాన్ని వీధికిచ్చెయ్. వాళ్ళకి కావలసింది అదే కదా. నాకు బోణీ కావాలి."

"మరి నీకు?"

"నాకేముంది, ఇంట్లో అద్దం ఉంది."

అప్పుడు దివిసీమ ఆవిడ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ ఆ భారం ఒక్కణ్ణే మోయలేకపోయాను. వాయిస్ మెసేజ్ వినిపించాను. అక్క గంప పక్కన గొంతుక్కూర్చుని వింది. గరిటె మాట దగ్గర మోకాలి మీది చెయ్యి తీసి చూసుకుంది. ఒక ఈగ చేపల మీద వాలితే కూడా తోలలేదు.

"ఏం చెప్తావు ఈవిడకి?"

"తెలీదక్కా."

"ఇటు తే. దేన్ని నొక్కాలి?"

మా ఆవిడ నొక్కి పట్టుకుంది. అక్క ఫోన్‌కు దగ్గరగా జరిగి, వీధి చివరున్న మనిషిని పిలిచినట్టు గట్టిగా మాట్లాడింది.

"అమ్మా, నేనమ్మా, ఆ బొమ్మలో చేపలమ్మే దాన్ని. నిజం మనిషిని. మాది బందరు. నాది కుడిచెయ్యే తల్లీ. మా తమ్ముడు తిరగేసి గీశాడు, ఆడి పని అలవాటు. రేపట్నించి కుడిచేత్తో ఉంటది. నాకు పొద్దున్నే బోణీ కావాలమ్మా. అది లేకపోతే ఈ వీధిలో నేను నిలబడలేను. నీకు అబద్ధం చెప్పలేను. మరి నీ గరిటె సంగతంటావా..."

అక్కడ ఆగింది. మా ఆవిడ వేలు అలాగే నొక్కి ఉంచింది.

"నీ గరిటె నువ్వొదలమాక. బొమ్మ మారింది కదాని నువ్వొదలమాక. వండింది నువ్వు. అంతే."

వెళ్ళిపోయింది మెసేజ్. ఆ సాయంత్రం తిప్పిన ఎపిసోడ్లన్నీ పెట్టాను. గుడివాడ అల్లుడు చూశాడని, మామ్మగారికి ఫోన్ చేశాడని మరుసటి రోజు తెలిసింది. దివిసీమ ఆవిడ అక్క మాటలు విన్నదని కూడా తెలిసింది, మెసేజ్ పక్కన నీలం గుర్తు పడింది. జవాబు రాలేదు. గరిటె ఎవరి చేతిలో ఉందో నాకు ఇవాళ్టికీ తెలియదు. అడగడానికి ఫోన్ తీస్తాను, ఏమని అడగాలో తోచదు.

మామ్మగారు గేటు తీసిన రోజు నేను మా అరుగు మీద ఉన్నాను. అక్క ఆటో దిగి, గంప దించి, దాని మీది ప్లాస్టిక్ కవరు తీసింది. చెయ్యి గంపలోకి వెళ్ళబోయి ఆగింది. అక్క తన రెండు చేతుల వైపూ చూసుకుంది, ఏది ఏదో మర్చిపోయినట్టు. తర్వాత కుడివైపు చొక్కా చెయ్యి మోచేతి దాకా పైకి లాక్కుని, మామ్మగారి కళ్ళకు ఎదురుగా ఒకసారి చూపించి, అప్పుడు చేపలు తీసింది. అంత జాగ్రత్తగా తియ్యడంలో ఒక కానాగంత జారి గేటు కింద పడింది. ఏళ్ళ తరబడి ఆ చేతిలోంచి చేప జారడం నేను చూడలేదు.

"కనపడిందా మామ్మగారూ?"

"కనపడింది, కనపడింది. వెయ్యి."

బోణీ అయింది. పక్కిళ్ళ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అక్క డబ్బు కళ్ళకద్దుకోబోతూ కూడా ఒక క్షణం ఆగింది. ఆ ఆగడం ఇంతకుముందు అక్కలో లేదు. గంపక్కలోనూ లేదు. నేను గీస్తే వచ్చిందో, తిప్పితే వచ్చిందో తెలియలేదు. దాన్ని గీద్దామని ఫోన్ తీశాను. కాసేపు చేతిలో పట్టుకుని కూర్చుని, మళ్ళీ జేబులో పెట్టేశాను.